అప్‌డేట్: తమ్ముడికి 482 వీసా వచ్చింది

ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో, చదువు పూర్తయ్యాక ఇచ్చే 485 తాత్కాలిక వీసా మీద ఉన్న మా తమ్ముడు కంపెనీ స్పాన్సర్ చేసే 482కు మారాలంటే మధ్యలోని ఏజెంటుకు మూడు లక్షలు ఇవ్వాలా అని ఇదివరకు ఇక్కడ మిమ్మల్ని అడిగాను. ఇవ్వలేదు. మీరు చెప్పినట్టే నామినేషన్ (ఫలానా ఉద్యోగానికి ఇతన్ని తీసుకుంటామని కంపెనీ పెట్టే దరఖాస్తు) రుసుము, శిక్షణ నిధి లెవీ అనే ప్రభుత్వ రుసుము యజమానే కట్టాలి. స్పాన్సర్‌షిప్‌కు డబ్బు అడగడం అక్కడ చట్టవిరుద్ధం. తమ్ముడు నేరుగా కంపెనీతో మాట్లాడాడు, వాళ్లే కట్టారు.

అసలు చిక్కు తిరుపతిలో వచ్చింది. 482కు ఏడాది పని అనుభవం చూపాలి కదా, రేణిగుంట రోడ్డులోని పాత ఆఫీసు ఇచ్చిన లేఖలో రెండే వాక్యాలు: ఫలానా తేదీల మధ్య పనిచేశాడు, నడవడిక మంచిది. ఏం పని చేశాడో లేదు! నాలుగుసార్లు తిరిగాను. చివరికి విధులు, వారానికి పని గంటలు, జీతం రాయించి, గుండ్రటి ముద్ర సిరా ఆరేదాకా అక్కడే నిలబడ్డాను.

485 గడువుకు పదకొండు రోజుల ముందు దరఖాస్తు పెట్టాడు. కొత్త వీసాపై నిర్ణయం వచ్చేదాకా అక్కడ ఉండనిచ్చే బ్రిడ్జింగ్ వీసా ‘ఏ’ వచ్చింది. అది అమల్లో ఉండగా దేశం దాటితే దానిమీద తిరిగి వెళ్లలేరు. చెల్లెలి పెళ్లికి టికెట్ కొనబోతుంటే ఆపి, ముందు, బయటికి వచ్చి తిరిగి వెళ్లనిచ్చే బ్రిడ్జింగ్ వీసా ‘బీ’ తీసుకోమన్నాను. దయచేసి ఎవరూ ఇది మరచిపోకండి.

నిన్న 482 మంజూరైంది. మొక్కు తీర్చుకోవడానికి అమ్మ రేపు అలిపిరి మెట్లెక్కుతోంది, నేనూ తోడు వెళ్తున్నాను.