పిల్లల వంకర పాదాలకు కట్లు: నల్గొండ, పాలమూరు వైపు ఎవరైనా వేయించారా?

మిర్యాలగూడ_అమ్మ: బాబుకు ఇంకా నెల నిండలేదు. రెండు పాదాలూ లోపలికి తిరిగి ఉన్నాయి. ఆపరేషన్ అక్కర్లేదు, వారం వారం పిండికట్లు వేస్తామన్నారు. కట్టుతో స్నానం ఎట్లా? తర్వాత వేసే బూట్లకు ఎంతవుతుంది? మా అత్తమ్మేమో గ్రహణం రోజు బయట తిరిగావు, అందుకే ఇట్లా అంటోంది.

జడ్చర్ల_నాన్న: గ్రహణానికీ దీనికీ సంబంధమే లేదు చెల్లెమ్మా. వెయ్యి మందిలో ఒకరికి వస్తుంది, మగపిల్లల్లో ఎక్కువ. మా పాప ఇప్పుడు అంగన్‌వాడీకి ఉరుకుతుంది. ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకో, పాత కట్టు ఆస్పత్రిలోనే విప్పించాలి. మేం మొదట చూపించిన చోట ముందు రోజు రాత్రే నానబెట్టి విప్పుకొని రమ్మనేవాళ్ళు. తెల్లారేసరికి పాదం మళ్ళీ లోపలికే!

దేవరకొండ_యాదన్న: మేమూ ఇంట్లోనే విప్పినం, ఏం కాలేదు. టబ్బులో గోరువెచ్చని నీళ్ళు పోసి, తడిబట్ట చుట్టి, మెత్తబడ్డాక చుట్లు విప్పడమే. ఆస్పత్రిలో కట్టు కోసే రంపం మోతకు పిల్లగాడు గుక్కపట్టేటోడు. మీకు కుదరలేదని అందర్నీ భయపెట్టకండి.

జడ్చర్ల_నాన్న: రాత్రంతా కట్టు లేకుండా ఉంచి, వారం కష్టాన్ని నీళ్ళలో పోయమంటావా?

వనపర్తి_ఫిజియో: ఇద్దరూ ఆగండి. నేను రోజూ చేసే పనే ఇది. అమెరికాలోని అయోవాలో డాక్టర్ ఇగ్నాసియో పొన్సేటి తెచ్చిన పద్ధతి. పాదాన్ని మెల్లగా సాగదీసి, సాగినంత మేర కట్టుతో నిలబెడతాం. ఎక్కువ మందికి 5 నుంచి 7 కట్లు పడతాయి. మోకాలు వంచి తొడ దాకా వేయాలి, పిక్క దాకా వేస్తే జారిపోతుంది. కొత్తది వేసే ముందు అక్కడే విప్పాలి. జడ్చర్ల ఆయన చెప్పిందే కరెక్ట్.

దేవరకొండ_యాదన్న: చెప్పడం సులువే సార్. తెల్లారకముందే బస్సెక్కితే గానీ మాకు ఓపీ దొరకదు. అక్కడ విప్పి, కడిగి, మళ్ళీ వేసేసరికి ఇంటికి ఆఖరి బస్సు ఎవరాపుతారు?

అచ్చంపేట_సుజాత: ఆపరేషన్ లేదు లేదని చెప్పి ఆఖరున మడమ నరం కోస్తామని సంతకం అడిగారు మమ్మల్ని. ఈ ముక్క ముందే ఎందుకు చెప్పరు?

వనపర్తి_ఫిజియో: అది నరం కాదమ్మా, మడమ వెనక ఉండే స్నాయువు (టెండన్). నూటికి 80 మందికి పైగా పిల్లలకు అది కోయాల్సి వస్తుంది. అక్కడే మత్తు సూది ఇచ్చి చిన్న గాటు పెడతారు, ఆ తర్వాత 3 వారాల కట్టు. ముందే చెప్పాల్సింది, నిజమే.

కల్వకుర్తి_అక్క: కట్ల కోసం కొట్టుకుంటున్నారు గానీ, అసలు తిప్పలు బూట్లతో. కట్లు అయ్యాక మొదటి 3 నెలలు రోజుకు 23 గంటలు ఆ రాడ్ బూట్లు (రెండు బూట్లను మధ్యలో ఒక రాడ్ కలిపి ఉంచుతుంది) ఉండాలి, తర్వాత నిద్రపోయేటప్పుడు, నాలుగైదేళ్ళు వచ్చేదాకా. మేం ముంబై పనికి పోతే, పాప ఏడుస్తోందని ఇంటి దగ్గర విప్పేసి పడుకోబెట్టారు. పాదం మళ్ళీ వంగింది. మళ్ళీ మొదటి నుంచి కట్లు! బూటులో మడమ లేస్తోందా అన్నది చూడాలి. వేళ్ళు ఎక్కడిదాకా వస్తున్నాయో లోపల అట్ట మీద పెన్నుతో గీత పెట్టాను. వేళ్ళు గీతకు వెనక్కి పోతే మడమ లేచినట్టే. మధ్య పట్టీ విప్పి మళ్ళీ బిగించడమే.

సూర్యాపేట_పెద్దాయన: మా ఊళ్ళో ఒకామె ఆముదంతో మాలిష్ చేసి సరిచేస్తది. ఆస్పత్రులన్నీ దండగ.

జడ్చర్ల_నాన్న: పెద్దాయనా, ఉత్త మాలిష్‌తో ఈ పాదం తిరగదు. పసిబిడ్డ తల్లికి ఇట్లాంటివి చెప్పకండి.

మిర్యాలగూడ_అమ్మ: స్నానం సంగతి ఎవరూ చెప్పలేదు.

కల్వకుర్తి_అక్క: కట్టు తడవొద్దు, తడిగుడ్డతో ఒళ్ళు తుడువు. వేళ్ళు మాత్రం చూస్తుండు. నీలంగానో తెల్లగానో మారినా, కట్టు లోపలికి పోయినా వారం దాకా ఆగకు, అప్పుడే తీసుకుపో. డబ్బు గురించైతే మీ అంగన్‌వాడీలో ఆర్‌బీఎస్‌కే (పిల్లల ఆరోగ్యానికి ప్రభుత్వ పథకం) వాళ్ళను అడుగు. వంకర పాదం ఆ స్కీములో ఉంది, చికిత్స ఉచితం.

దేవరకొండ_యాదన్న: ఫిజియో సార్, నా బస్సు సంగతికి జవాబు రాలేదు.