ఇంటర్ విద్యార్థి కౌన్సెలర్‌తో చెప్పుకున్నది కన్నవాళ్లకు ఎంతవరకు చెప్పాలి?

ఒక తండ్రి: పదిహేడేళ్ల మా అబ్బాయి హాస్టల్‌లో ఉండి ఇంటర్ చదువుతున్నాడు. కళాశాల కౌన్సెలర్‌ను తరచూ కలుస్తున్నాడని వార్డెన్ చెబితే ఆవిడకు ఫోన్ చేశాను. ప్రాణభయం ఏమీ లేదని మాత్రం చెప్పి, మిగతాది చెప్పలేనన్నారు. మైనరు విషయంలో ఇది న్యాయమేనా?

ఒక కౌన్సెలర్: మీ ఆందోళన సహజమే గానీ, ఆవిడ చేసింది సరైనదేనండీ. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 23వ సెక్షన్ గోప్యతను హక్కుగా గుర్తిస్తూనే, ప్రాణాపాయాన్నో ఇతరులకు కలగబోయే హానినో ఆపడానికి ఎంత అవసరమో అంత సమాచారం మాత్రమే బయటపెట్టవచ్చని చెబుతోంది. అది చికిత్స చేసే నిపుణుల కోసం రాసినదే అయినా, కళాశాల కౌన్సెలర్‌కు అంతకన్నా మంచి కొలబద్ద నాకు కనబడదు. నిద్రమాత్రలు పోగుచేసి దాచుకున్నానని పిల్లవాడు చెబితే, ముందు అతనికి చెప్పి, ఆ పూటే ఇంటికి ఫోన్ చేయాలి. మాత్రల సంగతీ, అతణ్ణి ఒంటరిగా వదలకూడదన్న సంగతీ చెప్పాలి. ఏ అమ్మాయి కోసం ఏడ్చాడో చెప్పనక్కర్లేదు. ఈ హద్దులను మొదటి రోజే వివరించకుండా, ఏం చెప్పినా నా దగ్గరే ఉంటుందని మాట ఇచ్చేవారిదే అసలు తప్పు.

ఒక న్యాయవాది: అదే చట్టం 15వ సెక్షన్ ప్రకారం, మానసిక ఆరోగ్య సమీక్షా బోర్డు వేరుగా ఆదేశిస్తే తప్ప, మైనరుకు చట్టబద్ధ సంరక్షకుడే నామినేటెడ్ ప్రతినిధి, అంటే చికిత్స విషయాల్లో అతని తరఫున నిలబడే వ్యక్తి. ఆ బాధ్యత నెరవేర్చడానికి కావలసినది ఆయనకు చెప్పవచ్చని 23వ సెక్షనే గోప్యతకు మినహాయింపు ఇస్తోంది కనుక, తండ్రిని పరాయివాడిగా చూడలేం. ప్రిన్సిపాల్‌కు మాత్రం ఆ సెక్షన్ మినహాయింపుల్లో చోటు లేదు. ఇక లైంగిక నేరమైతే, పిల్లలను అలాంటి నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం పోలీసులకు తెలపాల్సిందే. తెలపకపోతే ఆరు నెలల వరకు జైలుశిక్ష పడవచ్చు.

ఒక కౌన్సెలర్: తండ్రి గురించి మీరన్నది ఒప్పుకుంటాను. పోక్సో దగ్గరే నాకు బాధ. వేధింపులకు గురైన పిల్లల కోసం ఆ నిబంధన ఉండాల్సిందే. కానీ ఇష్టపడి దగ్గరైన పదిహేడేళ్ల జంటకూ అదే వర్తిస్తుంది కనుక, నెల తప్పిందన్న భయంతో వచ్చిన అమ్మాయి పోలీసుల మాట వినగానే లేచి వెళ్లిపోతుంది. బాలిక, సంరక్షకుడు కోరితే, పోలీసులకిచ్చే సమాచారంలో ఆమె పేరు చెప్పనక్కర్లేదని, గర్భస్రావం చేసే వైద్యులకు 2022లో సుప్రీంకోర్టు వెసులుబాటు ఇచ్చింది. అటువంటిది కౌన్సెలర్లకూ ఉండాలి.

ఇక తండ్రిగారూ, అబ్బాయి ఏం చెప్పాడని ఆవిడను మళ్లీ అడగకండి. అతను ఒప్పుకుంటే ముగ్గురూ కలిసి కూర్చుని మాట్లాడే వీలు కల్పించమనండి. చాలామంది పిల్లలు అందుకు ఒప్పుకుంటారు.