మాత్రలు వాడేవాళ్ళకి ఇంప్లాంట్ పెట్టి చూసే పరిశోధన తిరుపతిలో పెడితే ఒప్పుకుంటారా?

కోనేటి గట్టు:
గర్భం రాకుండా మాత్రలో ఇంజెక్షనో వాడదామని వచ్చిన ఆడవాళ్ళని అడిగి, ఒప్పుకున్నవాళ్ళకి చీటీ తీసినట్టు తీసి, కొందరికి అవే ఇచ్చి, కొందరికి చేతిలో పెట్టే ఇంప్లాంటో గర్భసంచిలో పెట్టే లూపో పెట్టి చూసిన పరిశోధన ఒకటి 2017లో అచ్చయింది. అమెరికాలో, నార్త్ కరోలినాలో జరిగింది. చీటీ వద్దన్నవాళ్ళు తమకు నచ్చిందే వాడుకున్నారు. అందరూ కలిసి 916 మంది. ఏడాది తిరిగేసరికి వద్దనుకున్న గర్భం వచ్చింది ఇంప్లాంట్, లూప్ గుంపులో నూటికి 0.7. కోరి మాత్రలు, ఇంజెక్షన్లు తీసుకున్నవాళ్ళలో 6.4. ఇంకేం రుజువు కావాలి? మనకి మెడికల్ కాలేజీ ఉంది, ప్రసూతి ఆసుపత్రి ఉంది, స్విమ్స్ ఉంది. ఇక్కడ ఎందుకు చేయకూడదు? మా ఇంట్లోనే దీనిమీద రెండు పార్టీలు అయ్యాయి, అందుకే ఇక్కడ పెడుతున్నా.

పుత్తూరు కోడలు:
అన్నా, ఇంప్లాంట్ అంటే ఏందో ముందు చెప్పల్ల గదా, సగం మందికి తెలీదు. అగ్గిపుల్లంత ప్లాస్టిక్ పుల్ల, 4 సెంటీమీటర్లు. మోచేతికి పైన, లోపలిపక్క చర్మం కింద పెడతారు. దాంట్లో 68 మిల్లీగ్రాముల ఎటొనోజెస్ట్రెల్ అనే హార్మోన్ ఉంటాది, అది మూడేండ్లు కొంచెం కొంచెంగా ఒంట్లోకి దిగతా అండం విడుదల కాకుండా ఆపుతాది. మాలా-ఎన్ మాత్రల్లో ఈస్ట్రోజెన్ అనే ఇంకో హార్మోన్ కూడా ఉంటాది, దీంట్లో ఉండదు. బీపీ ఉండేవాళ్ళకి, పాలిచ్చే తల్లులకి ఇంప్లాంట్ మంచిదే, నేను కాదనను.

కానీ మాలా-ఎన్‌లో ఆఖరి ఏడు ఐరన్ బిళ్ళలు వేసుకునేటప్పుడు నెలసరి వస్తాది. ఎప్పుడొస్తాదో లెక్క తెలుస్తాది. ఇంప్లాంట్‌కి ఆ లెక్క లేదు. కొందరికి మొత్తం ఆగిపోతాది, కొందరికి ఎప్పుడంటే అప్పుడు కొద్దికొద్దిగా కనిపిస్తా ఉంటాది. దీని మీద జరిగిన పరీక్షల్లో నూటికి 11 మంది ఆ బాధకే తీయించేసుకున్నారు. అది అక్కడి లెక్క. ఒక్క దర్శనం కోసరం నెలసరి వాయిదా మాత్రలు మింగే ఊర్లో, పది దినాలకొకసారి చుక్క కనిపిస్తే ఆ కోడలు వంటింట్లోకి ఎట్ల పోతాది? పూజగది మాట దేవుడెరుగు. వాళ్ళ పుస్తకాల్లో అది ‘స్వల్ప దుష్ప్రభావం’. మా అత్తగారింట్లో అది స్వల్పం కాదు.

మందులకొట్టు:
వాయిదా మాత్రల మాట వచ్చింది కాబట్టి ఒక్కటి చెప్పి పోతా. తిరుమలకి పోయే ముందు అడిగి తీసుకునే నోరెథిస్టెరాన్ బిళ్ళలు నెలసరిని వెనక్కి జరపడానికే. నాలుగు రోజులు వాడి ‘గర్భం కూడా రాదులే’ అనుకునేవాళ్ళు నెలకి ఒకరైనా తగులుతారు. వస్తుంది తల్లీ.

ఇంకోటి. టీబీకి రిఫాంపిసిన్, మూర్ఛకి కార్బమాజెపిన్, ఫెనిటోయిన్ వాడేవాళ్ళలో ఇంప్లాంట్ సరిగ్గా పనిచేయదు. మాత్రలకీ అదే గతి. ఇక్కడ పరిశోధన పెడితే మొదట అడగాల్సిన ప్రశ్న ఇది. టీబీ ఉందన్న సంగతి మనవాళ్ళు ఎంత దాస్తారో కౌంటర్ ఇవతల నిలబడ్డవాడికి తెలుస్తుంది.

కోర్టు వీధి:
నేను వ్యతిరేకం, కారణం మందు కాదు. 1985లో హైదరాబాద్ దగ్గర పటాన్‌చెరులో నెట్-ఎన్ గర్భనిరోధక ఇంజెక్షన్ ప్రయోగం జరిగింది. తమ మీద జరుగుతున్నది ప్రయోగమని అక్కడికొచ్చిన ఆడవాళ్ళకి సరిగ్గా చెప్పలేదని స్త్రీ శక్తి సంఘటన అనే మహిళా సంఘం వాళ్ళు బయటపెట్టి, మరుసటి ఏడాది సుప్రీంకోర్టుకి వెళ్ళారు. సరే, పాత కథ అందాం. 2009లో ఖమ్మం జిల్లాలో, గర్భసంచి ముఖద్వారం క్యాన్సర్ రాకుండా వేసే హెచ్‌పీవీ టీకా వేసినప్పుడు హాస్టల్ పిల్లల ఒప్పంద పత్రాల మీద సంతకాలు పెట్టింది ఎవరు? వార్డెన్లు. 2010లో దాన్ని ఆపేశారు, 2013లో పార్లమెంటు సంఘం తప్పుపట్టింది. రెండూ మన ఉమ్మడి రాష్ట్రంలోనే. సంతకం అంటే ‘మేడమ్ పెట్టమన్నారు’ అన్నట్టుండే చోట చీటీ తీస్తానంటే నేను నమ్మను.

పైగా చీటీ అవసరమే లేదు. అమెరికాలోనే సెయింట్ లూయిస్‌లో 7,486 మందిని గమనించి 2012లో ఫలితాలు ఇచ్చారు. అన్ని పద్ధతులూ వివరించి, డబ్బు తీసుకోకుండా, ఎవరికి నచ్చింది వాళ్ళనే ఎంచుకోమన్నారు. ఏడాదికి నూరుమందిలో మాత్రలు, ఒంటికి అంటించే ప్యాచ్, లోపల పెట్టుకునే రింగ్ విఫలమైంది 4.55, ఇంప్లాంట్, లూప్ 0.27. ఎవరి ఇష్టం వాళ్ళకి వదిలేసినా అదే తేలింది కదా సార్!

చంద్రగిరి సిస్టర్:
కోర్టు వీధి సార్, మందుల ప్రయోగాల మీద 2019 నిబంధనలు వచ్చాక సంగతి వేరు. వాళ్ళకి అర్థమయ్యే భాషలో చెప్పాలి, నైతిక కమిటీ అనుమతి ఉండాలి, ప్రయోగం వల్ల ఏమన్నా అయితే వైద్యం ఉచితం, ఎప్పుడైనా తప్పుకోవచ్చు. కాగితం మీద ఉన్నదంతా జరుగుతుందని నేను చెప్పను, కానీ అడగడానికి ఆధారం ఉంది.

‘మాత్ర అయితే ఆడదాని చేతిలో ఉంటుంది’ అని ఇక్కడ అందరూ అనుకుంటున్నట్టుంది. ఆ పెట్టె ఎక్కడ దాచుకుంటుందో ఎవరైనా అడిగారా? బియ్యం డబ్బాలో, చీరల మడతలో, పుట్టింట్లో. ఊరెళ్తే రెండు రోజులు మర్చిపోతుంది. అంతర ఇంజెక్షన్ మూడు నెలలకోసారి ఉచితమే, దానికీ తేదీ తప్పుతారు. ఇంప్లాంట్ చర్మం కింద ఉంటుంది, తడిమితే తప్ప తెలియదు.

అసలు మీ చర్చలో లేనివాళ్ళ గురించి చెప్తాను. మన రాష్ట్రంలో పెళ్ళైన ఆడవాళ్ళలో నూటికి దాదాపు 70 మంది ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళే అని 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. దేశం మొత్తంలో అది 38. మాత్రలు వాడేది గుప్పెడు మంది. పాతికేళ్ళలోపు ఇద్దరు బిడ్డలు, రెండో కాన్పుతోనే ఆపరేషన్. ఇద్దరి మధ్య మూడేళ్ళు ఎడం ఎలా పెట్టాలో చెప్పేవాళ్ళు లేరు. పరిశోధన చేస్తే మొదటి కాన్పు అయినవాళ్ళతో చేయండి. మాత్రలకీ ఇంప్లాంట్‌కీ పోటీ అమెరికాకి సరిపోతుంది.

కోనేటి గట్టు:
సిస్టర్ గారు, మొదటి కాన్పు సంగతి నేను ఆలోచించలేదు, బాగుంది. కానీ కోర్టు వీధి గారి వాదన నాకు ఎక్కలేదు. సెయింట్ లూయిస్‌లో ఇంప్లాంట్ కోరుకున్నవాళ్ళు మొదటినుంచే గట్టి నిర్ణయంతో ఉన్నవాళ్ళు కావచ్చు. అందుకే చీటీ. మాత్రలే కావాలని వచ్చినవాళ్ళు కూడా, ఇంప్లాంటో లూపో పెడితే, ఏడాది తర్వాత నూటికి 77.8 మంది ఉంచుకున్నారు. చీటీలో మాత్రలు, ఇంజెక్షన్లు వచ్చినవాళ్ళు 53 మందే కొనసాగించారు.

పుత్తూరు కోడలు:
ఆ పరిశోధనలో నూటికి 57 మంది చీటీకే ఒప్పుకోలేదు గదన్నా, దాన్ని మెల్లగా దాటేస్తా ఉండావే! ‘నాకేది కావాల్నో నేనే చూసుకుంటా’ అన్నోళ్ళు సగం కంటే ఎక్కువ. ఇంప్లాంట్ మీద వచ్చిన లెక్క మిగిలిన 43 మందిలోనిదే.

ఇంకోటి, మాత్ర వద్దనుకుంటే ఈ రాత్రికే మానేయొచ్చు, ఎవురినీ అడగబల్లేదు. పుల్ల మానేయాలంటే? ఉంచుకున్నారు ఉంచుకున్నారంటే, ఇష్టపడి ఉంచుకున్నోళ్ళెంతమంది, తీయించుకునేదానికి పోలేక ఉంచుకున్నోళ్ళెంతమంది?

కోర్టు వీధి:
నార్‌ప్లాంట్‌కి జరిగింది అదే. అది పాతరకం ఇంప్లాంట్, ఆరు గొట్టాలు పెట్టేవాళ్ళు. 1990లో అమెరికాలో అనుమతి వచ్చింది. తీయడం నరకమైందని వేలమంది కోర్టులకెక్కారు, 2002లో అక్కడ అమ్మకం ఆపేశారు.

చంద్రగిరి సిస్టర్:
ఇప్పుడున్నది ఒక్క పుల్లే, కొత్తరకం ఎక్స్‌రేలో కూడా కనిపిస్తుంది, కాబట్టి నార్‌ప్లాంట్‌తో పోల్చకండి. అయినా కోడలమ్మ అడిగింది న్యాయమే. లోతుగా పెడితే తీయడం కష్టం. నాకు తెలిసిన ఒకామెకి లూప్ తీయమని వెళ్తే ‘ఇంకో ఆర్నెల్లు చూడు’ అని వెనక్కి పంపారు. ఆసుపత్రి పేరు వద్దు. అందుకే నా షరతు ఇది: కారణం అడక్కుండా, అడిగిన రోజే, మండలంలోనే తీసే మనిషి ఉండాలి. ఎంతమంది అడిగారు, ఎన్ని రోజులకి తీశారు అన్నది కూడా ఫలితాల్లో వేయాలి.

పుత్తూరు కోడలు:
అట్లయితే నేను వస్తానక్కా. మా ఆయనకి చెప్పను.