విత్తు ఒకటి పెడితే చెట్టు ఒకటి మొలుస్తుందా? మొలిచిందండీ!

ప్రశ్న:
బాగా తియ్యగా ఉందని ఒక బంగినపల్లి టెంకను తొమ్మిదేళ్ల కిందట పెరట్లో పాతాను. ఈ వేసవిలో మొదటి కాపు. కాయ పిడికెడంత, లోపలంతా పీచు, పండినా పులుపే. మా అత్తగారేమో "టెంక పెడితే అంతేనమ్మా, అంటు తెచ్చుకోవాల్సింది" అన్నారు. మరి "విత్తు ఒకటి పెడితే చెట్టు ఒకటి మొలుస్తుందా" అన్న సామెత సంగతేంటి? ఇంకో సందేహం కూడా ఉంది. ఈ అంటూ, అంట్లు తోమడంలోని అంటూ ఒకటేనా?

జవాబు:
సామెత తప్పలేదండీ. వేపగింజ వేసి మామిడి కోసం చూడొద్దనే అది చెప్తుంది. మీరు పాతింది మామిడే, మొలిచిందీ మామిడే. రకం ఊసు సామెత ఎత్తనే లేదు.

జవాబు:
పై మాట నిజమే కానీ సగమే. అసలు తిరకాసు టెంకలో ఉంది. మీరు తిన్న గుజ్జు, దాని కింది గట్టి పెంకు రెండూ తల్లి చెట్టువి. పెంకు పగలగొడితే వచ్చే జీడి మాత్రం తల్లిది ఒక్కదానిదే కాదు, తల్లీ తండ్రీ కలిసిన బిడ్డ. మామిడి పూతకి ఈగలు, చిన్న చిన్న పురుగులు పుప్పొడి మోసుకొస్తాయి. పక్క తోటలో ఏ నాటుమామిడి ఉందో, ఆ పుప్పొడి ఎక్కడిదో ఎవరికి తెలుసు? మీరు చప్పరించింది బంగినపల్లి, పాతింది దాని పిల్ల.

మామిడికి 40 క్రోమోజోములు, అంటే కణంలో లక్షణాల్ని మోసే పోగులు. తల్లి నుంచి 20, తండ్రి నుంచి 20 వస్తాయి. ఏ 20 అన్నది పేకముక్కలు కలిపి పంచినట్టే, ప్రతి టెంకకీ వేరే చెయ్యి పడుతుంది. నీలం, దశేరి రకాలను ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థలో సంకరం చేశారు. నీలం తల్లి, దశేరి తండ్రి అయితే వచ్చింది మల్లిక. తల్లీతండ్రుల్ని తిప్పితే వచ్చింది ఆమ్రపాలి, పొట్టి చెట్టు. రెండింటికీ అమ్మానాన్నలు ఆ ఇద్దరే, రకాలు మాత్రం వేరు. ఒకే ఇంట్లో అక్కాచెల్లెళ్లు ఒకేలా ఉంటారా ఏం?

సామెత కట్టినవాళ్ల మనసులో ఉన్నది పొలం విత్తనమని నా ఊహ. వరి, పెసర లాంటివి చాలావరకు తమ పుప్పొడితోనే తాము గింజ కడతాయి. అందుకే పాత వరి రకాల్లో ఇంటి విత్తనం దాచుకుని వేసినా పైరు మారేది కాదు. బఠానీదీ ఇదే స్వభావం. వంశపారంపర్య సూత్రాలు కనిపెట్టిన మెండెల్ దాన్ని ఎంచుకోవడం ఊరికే కాదు. ఏళ్లతరబడి పొడుగే పుట్టే మొక్కనీ, పొట్టే పుట్టే మొక్కనీ తనే చేత్తో కలిపితే మొదటి తరమంతా పొడుగే. వాటిని తమలో తాము గింజ కట్టనిస్తే 787 పొడుగు, 277 పొట్టి. అంటే పొట్టితనం పోలేదు, ఒక తరంపాటు దాక్కుంది. పదో తరగతి పుస్తకంలో పైకి కనపడేది బహిర్గతం, దాక్కునేది అంతర్గతం అని చదివింది ఇదే. హైబ్రిడ్ మొక్కజొన్న గింజలు మళ్లీ విత్తితే పైరు ఎగుడుదిగుడుగా రావడానికీ కారణం ఇదే. మీ చెట్టు పులుపు కూడా అలా దాక్కుని వచ్చిందే కావచ్చు.

జవాబు:
అంటు సంగతి నేను చెప్తాను. మూలం "అంటు" అనే క్రియే, తాకడం, అతుక్కోవడం. ఎంగిలి అంటినవి అంట్లు. తాకితే సోకేది అంటువ్యాధి. నూనె పట్టిస్తే తలంటు. అంటరానితనంలో ఉన్నదీ అదే, ఎంత చేదు మాటైనా. నర్సరీలో నాటు టెంక మొలకని కోసి, మంచి చెట్టు కొమ్మని కోసి, కోతకి కోత ఆనించి బిగించి కడతారు. రెండూ అంటుకుంటేనే అంటు. కడియం నర్సరీల్లో ఆ కట్టే చెయ్యి చూడండి, ముడి పడ్డాకగానీ కత్తి కనపడదు.

ఇందులో తండ్రి లేడు, పుప్పొడి లేదు. కింద వేరు ఎవరిదైనా, పైకొమ్మ పాత చెట్టు ముక్కే. ఊరూరా ఉన్న బంగినపల్లి అంట్లన్నీ పుట్టుకరీత్యా ఒకే చెట్టు కొమ్మలనుకోవచ్చు. పుస్తకాల్లో దీన్ని శాఖీయ వ్యాప్తి అంటారు, నాకైతే "అంటు" అన్న మాటే నచ్చుతుంది. అరటి పిలకదీ ఇదే దారి.

జవాబు:
చిన్న సవరణ. టెంక వేసినా తల్లిలాగే వచ్చే మామిళ్లూ ఉన్నాయి. ఓలూర్, వెల్లైకొలంబన్ రకాల్లో ఒకే టెంకలోంచి నాలుగైదు మొలకలు లేస్తాయి. వాటిలో ఎక్కువ భాగం పుప్పొడి వాటా లేకుండా తల్లి కణజాలం నుంచే పుట్టినవి. బంగినపల్లి ఆ కోవది కాదు. మీ చెట్టు కొట్టేయకండి, కొమ్మలు నరికి కొత్త చిగుళ్ల మీద మంచి రకం అంటు కట్టించొచ్చు.

ప్రశ్న వేసినవారు:
అందరికీ ధన్యవాదాలండీ. అంటు కట్టిద్దామంటే మా అత్తగారు ఒప్పుకోవట్లేదు. మిగిలిన పచ్చికాయలతో ఆవకాయ పెట్టారు, ఈ పులుపు ఏ బంగినపల్లికీ రాదంటున్నారు.