మహిళా కళాశాల బాస్కెట్‌బాల్ జట్టుకు పేరున్న కోచ్ ఒక్కరు చాలునా, ఏడాదంతా ఉండే సిబ్బంది కావాలా?

పూర్వ క్రీడాకారిణి, నారాయణగూడ:

ఉస్మానియా విశ్వవిద్యాలయ పరిధిలోని ఒక మహిళా డిగ్రీ కళాశాల జట్టులో నేను మూడేళ్లు పాయింట్ గార్డుగా, అంటే బంతిని ముందుకు తెచ్చి ఆటను నడిపించే స్థానంలో, ఆడాను. ఈ ఏడాది నుంచి పూర్వ విద్యార్థినులం కొందరం చందాలు వేసుకుని జట్టుకు కొంత సొమ్ము అందించాలని అనుకున్నాం గాని, దానిని దేనికి ఖర్చు పెట్టాలన్న చోట రెండు వర్గాలుగా విడిపోయాం. పాటియాలాలోని జాతీయ క్రీడా శిక్షణ సంస్థ (ఎన్.ఐ.ఎస్.) డిప్లొమా ఉన్న పేరున్న కోచ్‌ను అంతర్ కళాశాలల పోటీలకు ముందు రెండు నెలలు నియమించుకోవాలని ఒక వర్గం అంటోంది. అదే సొమ్ముతో ఏడాది పొడవునా ఉండే సహాయ కోచ్‌ను, వీలైతే ఒక మహిళను, ఆమెతో పాటు వారానికి రెండు రోజులు వచ్చే ఫిజియోథెరపిస్టును పెట్టుకోవాలన్నది నాతో సహా మిగిలినవారి అభిప్రాయం.

నా అభిప్రాయానికి కారణం నా మోకాలే. రెండో ఏడాది సెప్టెంబరులో బుట్టలో పడక తిరిగొచ్చిన బంతి (రీబౌండ్) కోసం ఎగిరి దిగినప్పుడు ఎడమ మోకాలు లోపలికి మడతపడింది. మా పీడీ (ఫిజికల్ డైరెక్టర్) మేడం మంచి మనిషి. అయితే ఆ సాయంత్రం ఖోఖో, వాలీబాల్ జట్ల ఎంపికలూ క్రీడా దినోత్సవ ఏర్పాట్లూ అన్నీ ఆమె ఒంటిచేత్తోనే చూసుకుంటున్నారు. ఐసు పెట్టుకొమ్మన్నారు, పెట్టుకున్నాను. వాపు తగ్గింది కదా అని మూడో వారంలో మళ్లీ కోర్టులోకి దిగాను. లిగమెంటు తెగిందని ఎమ్మారై తీసిన తరువాత గాని తెలియలేదు, అప్పటికి నాలుగు నెలలు గడిచిపోయాయి. ఆమెను తప్పుపట్టడానికి ఇది చెప్పడం లేదు. పన్నెండు మంది అమ్మాయిల ఒళ్లు ఎలా ఉన్నాయో చూడటమే పనిగా గల మనిషి ఆ కోర్టులో ఒక్కరూ లేరని చెప్పడానికే చెబుతున్నాను.

విశ్రాంత ఫిజికల్ డైరెక్టర్, సికింద్రాబాద్:

అమ్మా, నీ మోకాలి సంగతి చదివి బాధపడ్డాను. ఒకే సాయంత్రం మూడు ఆటలు చూసుకోవలసి రావడం ఎలా ఉంటుందో ఆ ఉద్యోగం చేసిన నాకు తెలుసు. అయినా నేను మొదటి వర్గం వైపే మాట్లాడతాను.

మన అమ్మాయిలలో చాలామంది ఇంటర్మీడియట్ రెండేళ్లూ ఆటస్థలం ముఖం చూడకుండా వచ్చి, డిగ్రీ మొదటి ఏడాదిలో మళ్లీ బంతి పట్టుకుంటారు. ఎడమచేత్తో లేఅప్ (బుట్ట దగ్గరికి పరుగెత్తి బంతి వేయడం), ప్రత్యర్థి దారికి అడ్డుగా నిలిచి (స్క్రీన్) బుట్ట వైపు తిరగడం, ఒక్కొక్కరు కోర్టులో ఒక్కో భాగాన్ని కాపాడే జోన్ డిఫెన్సులో బంతితో పాటు ఐదుగురూ ఒక్కసారిగా జరగడం వంటివాటిలో తప్పు ఎక్కడుందో చూడగానే పట్టుకునే కన్ను అనుభవజ్ఞుడికే ఉంటుంది. పదేసి నిమిషాల నాలుగు క్వార్టర్ల ఆటలో మొదటి సగంలో రెండు, రెండో సగంలో మూడు టైమౌట్లు (ఆట ఆపి కోచ్ జట్టుతో మాట్లాడే విరామాలు) దక్కుతాయి, అవీ ఒక్కొక్కటి ఒక్క నిమిషమే. ఆ నిమిషంలో ముగ్గురు మూడు మాటలు చెబితే పిల్లలు ఎవరి మాట వినాలి? పైగా కప్పు వచ్చిన ఏడాదే ప్రిన్సిపాల్ గదిలో ఆటల మాట చెల్లుతుంది, ఆ మరుసటి ఏడాదే కోర్టుకు కొత్త బోర్డులు వస్తాయి.

ఫిజియోథెరపిస్టు, హిమాయత్‌నగర్:

పైన రాసిన అమ్మాయికి జరిగినది అరుదైన విషయం కాదు. ఎగిరి దిగే ఆటల్లో, పరుగు మధ్యలో ఒక్కసారిగా దిశ మార్చే ఆటల్లో మోకాలిని నిలకడగా ఉంచే ఏసీఎల్ అనే లిగమెంటు తెగడం అబ్బాయిలకంటే అమ్మాయిలలో కనీసం రెండు రెట్లు ఎక్కువగా కనిపిస్తుంది. దిగేటప్పుడు మోకాళ్లు లోపలికి వాలడం, తొడ వెనుక కండరాలు, తుంటి కండరాలు తొడ ముందు కండరాలంత బలంగా లేకపోవడం ఇందుకు ముఖ్య కారణాలు. మెత్తగా దిగడం, ఒంటికాలిపై నిలకడ, తుంటి బలం నేర్పే పదిహేను ఇరవై నిమిషాల వార్మప్‌ను వారానికి రెండు మూడుసార్లు విడవకుండా చేయించిన జట్లలో ఇటువంటి గాయాలు సగానికి దగ్గరగా తగ్గినట్లు పరిశోధనలు చూపించాయి. ఇక్కడ ‘విడవకుండా’ అన్న మాటే ముఖ్యం. ఈ ఫలితం వారాల తరబడి సాధనతో వస్తుంది, మానేస్తే పోతుంది. కనుక పోటీలకు ముందు రెండు నెలలు మాత్రమే వచ్చే కోచ్, ఎంత గొప్పవాడైనా, అలవాటు లేని కాళ్లపై ఒక్కసారిగా భారం పెంచుతాడు.

అయితే చర్చ ప్రారంభించిన వారితోనూ ఒక చోట విభేదిస్తాను. వారానికి రెండు రోజులు ఫిజియో రావలసిన అవసరం లేదు. జూలైలో కొన్ని వారాలు వచ్చి సహాయ కోచ్‌కు ఆ వార్మప్ క్షుణ్ణంగా నేర్పి, ఆ తరువాత గాయమైనప్పుడు వెంటనే చూస్తే చాలు. గాయపడిన అమ్మాయి తిరిగి ఆడవచ్చునా లేదా అన్నది మాత్రం కోచ్‌కు గాక చికిత్స చేసేవారికే వదలాలి. ఏసీఎల్ శస్త్రచికిత్స తరువాత కనీసం తొమ్మిది నెలలు ఆగమని చెబుతాం, ఏ ఫైనల్ ఉన్నా సరే.

ఒక తండ్రి, మల్కాజిగిరి:

మా అమ్మాయి కూడా బాస్కెట్‌బాల్ ఆడుతుంది, ఫార్వర్డ్ స్థానంలో. నిరుడు వేరే రాష్ట్రంలో పోటీలకు ఆమె ఎంపికైనప్పుడు, రెండు రాత్రుల రైలు ప్రయాణంలో, ఐదు రోజుల బసలో జట్టు వెంట ఒక్క మహిళ కూడా ఉండదని తెలిసి నేను పంపలేదు. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. ఆ మౌనం నన్ను నేటికీ బాధిస్తోంది. 2013 నాటి లైంగిక వేధింపుల నిరోధక చట్టం క్రీడా సంస్థలను, స్టేడియాలను కూడా పని ప్రదేశాలుగానే లెక్కించింది, కళాశాలల్లో ఫిర్యాదుల సంఘాలూ ఉన్నాయి. కానీ ఫిర్యాదు దాకా వెళ్లే పరిస్థితి రాకుండా ఉండాలంటే, నెలసరి నొప్పి అయినా, మరో ఇబ్బంది అయినా అమ్మాయి సంకోచం లేకుండా చెప్పుకోగల పెద్ద మనిషి ఒకరు పక్కనే ఉండాలి. పేరున్న కోచ్ వచ్చినా ఆ లోటు తీరదు.

యువ కోచ్, తార్నాక:

నేను పురుషుణ్ణి, అమ్మాయిల జట్టుకు శిక్షణ ఇస్తాను. మహిళలే కోచ్‌లుగా ఉండాలన్న నియమాన్ని నేను ఒప్పుకోను, కానీ ఈ తండ్రిగారి మాటను పూర్తిగా ఒప్పుకుంటాను. కళాశాల మహిళల ఆట బాగా ఎదిగిన అమెరికాలో కనెక్టికట్ విశ్వవిద్యాలయ జట్టును 1985 నుంచి నడిపిస్తున్న జీనో ఆరియెమ్మా 12 జాతీయ టైటిళ్లు గెలిచారు. ఆ మొదటి ఏడాది నుంచీ ఆయన పక్కన సహాయ కోచ్‌గా క్రిస్ డెయిలీ అనే మహిళ ఉన్నారు. టెనెసీలో 8 టైటిళ్లు గెలిచిన పాట్ సమిట్ 2012లో తప్పుకున్నప్పుడు ఆ స్థానంలోకి వచ్చిన హాలీ వార్లిక్, ఆమె దగ్గరే ఆడి, ఆమె దగ్గరే 1985 నుంచి సహాయ కోచ్‌గా పనిచేసినవారు. కోచ్‌లు తయారయ్యేది సహాయ కోచ్ కుర్చీలోనే.

అదే దేశంలో మరొకటి కూడా జరిగింది. విద్యాసంస్థల్లో స్త్రీపురుష వివక్షను నిషేధిస్తూ 1972లో చట్టం వచ్చేనాటికి కళాశాల మహిళా జట్ల కోచ్‌లలో నూటికి తొంభై మంది మహిళలే. చట్టంతో పాటు జీతాలు కూడా వచ్చేసరికి, కొన్ని దశాబ్దాల్లో ఆ సంఖ్య సగానికంటే కిందికి పడిపోయింది. మన నగరంలో విశ్వవిద్యాలయ స్థాయిలో ఆడిన అమ్మాయిలు డిగ్రీ కాగానే బంతి వదిలేస్తున్నారు, ఎందుకంటే వారికి తరువాతి మెట్టు లేదు. మీ సొమ్ముతో ఆ మెట్టు కట్టండి.

పూర్వ క్రీడాకారిణి:

ఫిజియోగారు చెప్పిన మార్పును అంగీకరిస్తున్నాను. అందువల్ల మిగిలే సొమ్ము సహాయ కోచ్ జీతానికి కలుస్తుంది, అప్పుడు ఆమె మరో ఉద్యోగం వెతుక్కోవలసిన అవసరం ఉండదు. పీడీ సార్, టైమౌట్‌లో ఒక్కరే మాట్లాడాలన్న మీ మాటను నియమంగానే రాసుకుంటాం. కప్పు గురించి మాత్రం ఒక ప్రశ్న అడగాలని ఉంది. రెండు నెలల కోచ్ వెళ్లిపోయాక, చివరి ఏడాది అమ్మాయిలు కూడా చదువు ముగించి వెళ్లిపోతే, ఆయన నేర్పినదాన్ని జూలైలో వచ్చే కొత్త పిల్లలకు అందించేది ఎవరు? నేను ఆడిన మూడేళ్లలో ముగ్గురు కోచ్‌లు వచ్చారు, ముగ్గురూ నా షాట్‌ను మొదటి నుంచి మార్చారు.

విశ్రాంత ఫిజికల్ డైరెక్టర్:

ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదమ్మా. నేర్పే కన్ను గురించి నేను అన్నది వెనక్కి తీసుకోను; సహాయ కోచ్‌గా మీరు తీసుకునే అమ్మాయికి ఆ కన్ను రావాలంటే ఎవరో ఒకరు ఆమె పక్కన నిలబడాలి. శనివారాలు నాకు వీలవుతుంది, జీతం అక్కరలేదు. ఆమెను మొదటి రోజే ఒక దళసరి నోటు పుస్తకం తెచ్చుకోమనండి: ఏ అమ్మాయి షాట్‌లో ఏమి దిద్దారు, ఎవరికి ఎక్కడ నొప్పి, ఎవరు ఎన్ని రోజులు రాలేదు, అన్నీ అందులో రాయాలి. ఆమె వెళ్లేనాడు ఆ పుస్తకం తరువాత వచ్చేవారి చేతికి ఇవ్వాలి.