రాస్ పద్యంలో విత్తనాలు: రహస్యమా, కపటమా?

– రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా జాడ పట్టుకున్నప్పుడు రాసుకున్న ఇంగ్లీషు పద్యం సగమే గుర్తుంది. చివర మృత్యువును పిలిచి, నీ విత్తనాలు దొరికాయంటాడు. ఆ విత్తనాలకు ముందున్న విశేషణం ‘రహస్య’మేనా? వేధిస్తోంది.

– రహస్యం దేవుడి చేతలకండీ, రెండు పాదాల ముందు. విత్తనాలకు వేసింది ‘కన్నింగ్’, అంటే కపటం. డీడ్స్, సీడ్స్ ప్రాస మిమ్మల్ని తికమక పెట్టింది. తెలుగులో ‘మాయ విత్తులు’ అంటే సరి.

– మాయ అంటే వేదాంతం వచ్చి పడుతుంది. ‘టక్కరి విత్తులు’ అనండి.

– అసలు విత్తనం అని ఎందుకన్నాడు? 1897 నాటికి జర్మన్ వైద్యుడు కోచ్ క్షయకు మూలమైన బాక్టీరియాను, బాసిల్లస్‌ను, చూపించి పదిహేనేళ్లు. శాస్త్రపదాలకు కొరత లేదు. నా అనుమానం ఫ్రకాస్టోరో మీద. అంటురోగాలకు కంటికి కనబడని విత్తనాలే మూలమని 1546లోనే రాసిన వైద్యుడు, పైగా కవి. సిఫిలిస్ అన్న పేరు ఆయన లాటిన్ కావ్యం పెట్టిన భిక్షే.

– అంత దూరం ఎందుకు? ఆగస్టు 20న సికింద్రాబాదులో, చెమటకు మరలు తుప్పుపట్టిన మైక్రోస్కోపులో ఆయన చూసింది దోమ కడుపు గోడలో గుండ్రటి కణాలు, వాటిలో నల్లటి రేణువులు. గింజలు కాక మరేమంటాడు? ఆ మలేరియా జీవిని మనిషి రక్తంలో ముందే, 1880లో, చూసినవాడు ఫ్రెంచి వైద్యుడు లావెరాన్. అది బాక్టీరియా కూడా కాదు. కోచ్ ఊసు ఇక్కడ అనవసరం.

– సరే, ఆ మాటను తెలుగు చేస్తే, ఆటవెలదిలో రెండో పాదం నాది: ‘మృత్యుదేవి! నీదు మాయవిత్తు’. అయిదూ సూర్యగణాలే, చూసుకోండి.

– గణాలు సరే, యతి? పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ పొంతన ఉండాలిగా. హల్లు కుదిరింది గానీ ఋకారానికి ఆకారం చెల్లదు. మి, మె, మే... ఏదో ఒకటి తెండి.

– ‘మేటివిత్తు’!

– యతి నిలిచింది, కపటం చచ్చింది. అయినా మృత్యువును దేవిని చేసిందెవరండీ?

– వ్యాసుడే. ద్రోణపర్వం తిరగేయండి. బ్రహ్మ కోపాగ్నిలోంచి పుట్టిన మృత్యువు ఆడది. ప్రాణులను చంపలేనని ఏడుస్తుంది. నీ కన్నీళ్లే రోగాలవుతాయంటాడు బ్రహ్మ. రాస్ పద్యంలోనూ కన్నీళ్లున్నాయి, గమనించారా?

– అవి మృత్యువువి కావు, రాస్‌వి.

– ఏడ్చే దేవత కపటి ఎలా అవుతుంది? ‘కన్నింగ్’కు నేర్పు అనే పాత అర్థమే తీసుకోవాలి. ‘మృత్యుదేవి! నీదు నేర్పువిత్తు’.

– ఈసారి అచ్చు కుదిరింది, హల్లు చెడింది.