డెసిమేషన్: పలుచనా, చిక్కనా?

అడిగినవారు:
కొలత పరికరాల్లో వాడే చిప్‌ల గురించి తెలుగులో ఒక వ్యాసం రాస్తున్నాను. శాంపిల్‌కు నమూనా, ఫిల్టర్‌కు వడపోత, అక్కడి వరకు ఇబ్బంది లేదు. డెసిమేషన్‌కు తెలుగు మాట దగ్గర బండి ఆగింది. మొదట 'దశాంశీకరణ' అని రాశాను. చదివిన స్నేహితుడు "అంటే భిన్నాన్ని దశాంశంగా మార్చడమా?" అన్నాడు. కొట్టేశాను. సందర్భం ఇదీ: చాలా వేగంగా వచ్చే నమూనాలను వడపోసి, 64కి ఒకటి చొప్పున బయటికి పంపడం. చిప్ చిన్నదవడానికి, కరెంటు తక్కువ తాగడానికి ఇదే కీలకం. ఒక్క మాట చెప్పి పుణ్యం కట్టుకోండి.

భాషాభిమాని:
మీ స్నేహితుడి అనుమానం న్యాయమైనదే. లాటిన్‌లో డెసిమస్ అంటే పదోది. రోమన్ సైన్యంలో తిరగబడ్డ దళానికి శిక్షగా చీటీలు వేసి పదిమందిలో ఒకణ్ణి చంపించేవారు, దాని పేరే డెసిమేషన్. అక్కడ ఒకడు పోయి తొమ్మిదిమంది మిగులుతారు. మీ చిప్‌లో ఒకటి మిగిలి 63 పోతున్నాయి. పదీ లేదు, లెక్కా తలకిందులే. ఇంగ్లీషే మూలార్థాన్ని వదిలేశాక మనం 'దశ' పట్టుకుని వేలాడటం ఎందుకండీ? ఒత్తుగా మొలిచిన మొక్కల్లో కొన్ని పీకేసి 'పలుచన' చేస్తాం. వేగంగా తీసినవి ఒత్తు నమూనాలు, ఆ తర్వాత చేసేది పలుచన. జంట కుదిరింది.

చిప్ డిజైన్ చేసేవారు:
జంట బాగుంది గానీ 'పలుచన'కు మనసొప్పట్లేదండీ. నలుగురిలో పలుచనైపోయాం అంటాం. మజ్జిగ పలుచన అంటే సారం తగ్గిందనేగా. ఇక్కడ జరిగేది ఉల్టా.

సిగ్నల్‌ను అంకెలుగా మార్చే సిగ్మా-డెల్టా రకం కన్వర్టర్ చూడండి. తూకం యంత్రాల్లో, కరెంటు మీటర్లలో ఎక్కువగా ఇదే. లోపల్నుంచి వచ్చేది ఒక్క బిట్: 0, 1, 1, 0... విడిగా చూస్తే ఏదీ ఏమీ చెప్పదు. ఆ ధారను మూడు దశల్లో కూడుతూ పోయి, 64కి ఒకటి తీసుకుని, మళ్లీ మూడు దశల్లో పాత విలువను తీసేస్తే బయటికొచ్చే అంకె 0 నుంచి 64×64×64 దాకా, అంటే 2,62,144 దాకా ఉండొచ్చు. అది పట్టాలంటే 19 బిట్లు. (అందులో కొంత రొద, అంటే నాయిస్, కూడా ఉంటుంది, ఆ సంగతి వేరు.) సంఖ్య తగ్గింది, ఒక్కొక్కటీ బరువెక్కింది. పాలు మరిగించినట్టు. నన్నడిగితే ఇది 'చిక్కబరచడం'.

అడిగినవారు:
వడపోత అంటే ప్రతి నమూనానీ ఏదో ఒక గుణకంతో గుణించాలి కదా? మీరు కూడిక, తీసివేత అంటున్నారు.

చిప్ డిజైన్ చేసేవారు:
కిటుకంతా అక్కడే. 1981లో హోగెనావర్ అనే ఇంజనీరు ప్రచురించిన అమరికలో గుణకారమే లేదు. 16 బిట్ల అంకెలు రెండింటిని మామూలు పద్ధతిలో గుణించాలంటే 256 ఏండ్ గేట్లు (రెండు బిట్లూ 1 అయితేనే 1 ఇచ్చే చిన్న సర్క్యూట్లు), పైన దాదాపు అన్నే కూడిక గడులు కావాలి. 19 బిట్ల కూడికకు 19 గడులు చాలు.

ఇంకోటి. తీసివేతను వేగంగా నడిచే వైపు పెడితే 64 నమూనాల కిందటి విలువ గుర్తుండాలి, అంటే దశకు 64 రిజిస్టర్లు (ఒక్కో అంకెను దాచుకునే గదులు). 64కి ఒకటి ఏరుకున్నాక పెడితే, ఆ '64 కిందటిది' కాస్తా 'ఇందాకటిది' అవుతుంది. ఒక్క రిజిస్టర్ సరి, అదీ 64వ వంతు క్లాక్ మీద. ఇప్పటి చిప్‌లలో వాడే సీమాస్ రకం సర్క్యూట్ 0 నుంచి 1కో, 1 నుంచి 0కో మారినప్పుడల్లా కరెంటు తాగుతుంది కాబట్టి ఆ దశల ఖర్చు కూడా ఇంచుమించు అంతే తగ్గుతుంది.

కూడుతూ పోతే రిజిస్టర్ పొంగదా అంటారేమో. పొంగుతుంది, పొంగనివ్వండి. గడియారంలో ముల్లు 12 దాటి మొదటికొచ్చినా 11 నుంచి 2కి మూడు గంటలని చెప్పగలం కదా. తుది జవాబు పట్టేంత వెడల్పుంటే తీసివేతలో తేడా సరిగ్గానే వస్తుంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనిది తెలియక, విలువ పొంగకుండా గరిష్ఠం దగ్గర ఆపేసే సర్క్యూట్ పెట్టాను. ఫలితాలన్నీ చెత్త. ఒకటే టెన్షన్. రెండు రోజులు సిమ్యులేషన్ ముందు కూర్చుంటే గానీ తెలియలేదు, తప్పు నేను జాగ్రత్తపడ్డ చోటే ఉందని.

భాషాభిమాని:
అయితే ఇందులో రెండు పనులున్నాయన్నమాట: కూడి బరువు పెంచడం, కొన్ని వదిలేయడం. వడపోయకుండా ఊరికే 63 వదిలేస్తే?

చిప్ డిజైన్ చేసేవారు:
పై పౌనఃపున్యాల్లో ఉన్న రొద కిందికి మడతపడి సిగ్నల్‌లో కలిసిపోతుంది. తర్వాత విడదీయలేం. సిగ్మా-డెల్టాలో అయితే కొంప మునిగినట్టే, ఎందుకంటే అది రొదను కావాలనే పైకి నెడుతుంది.

భాషాభిమాని:
సరే, ఒట్టి వదిలేయడానికి, అంటే డౌన్‌శాంప్లింగ్‌కి 'పలుచన' ఇచ్చేద్దాం. రెండూ కలిసిన పనికి 'చిక్కబరచడం'. నా మాటకు బాధేం లేదు, చిన్నదైనా ఉద్యోగం దొరికింది.

ఇంకొకరు:
చిక్కబరచే వడపోత అనండి, 'చిక్కని వడపోత' మాత్రం వద్దు. చిక్కని అంటే దొరకనిది అని కూడా!

చిప్ డిజైన్ చేసేవారు:
ఆ తీసివేత దశను మేం కోంబ్ అంటాం. పౌనఃపున్యాల గ్రాఫ్ గీస్తే దువ్వెన పళ్లలా కనబడుతుందని. ఇప్పుడు దువ్వెనతో చిక్కు తీయడం పోయి చిక్కబరచడం వచ్చింది.

అడిగినవారు:
నవ్వలేక చచ్చాను. వాక్యం ఇలా మార్చాను, చూడండి: "ఒక్క బిట్ ధారను చిక్కబరచే వడపోత, అంటే డెసిమేషన్ ఫిల్టర్, కూడికలతోనూ తీసివేతలతోనూ నడుస్తుంది." తర్వాత అంతటా 'చిక్కబరచే వడపోత' అనే రాస్తాను. 'దువ్వెన దశ' కూడా ఉంచేశాను. ఇక 'ఖచ్చితత్వం' దగ్గర ఆగాను, అక్యురసీకీ (కొలత అసలు విలువకు ఎంత దగ్గర), రిజల్యూషన్‌కీ (ఎంత చిన్న తేడాను చూపగలదు) అదే మాట వాడేశాను. కచ్చితమా, ఖచ్చితమా అనే క-ఖ గొడవ మాత్రం ఇప్పుడు లేపకండి.